కుండలతో సముద్రానికి ఎరువు

మన చుట్టూ ఉన్న గాలిని ఐదు పాళ్ళు చేస్తే అందులో ఇంచుమించు నాలుగు పాళ్ళు నత్రజని. మనం పీల్చే ప్రతి ఊపిరితోనూ అది లోపలికి వెళుతుంది, వెళ్ళినది వెళ్ళినట్టే బయటికి వచ్చేస్తుంది. దానితో మన ఒంటికి ఏమీ పని ఉన్నట్టు కనబడదు. ఉత్త నత్రజని నింపిన పాత్రలో దీపం పెడితే ఆరిపోతుంది, ఎలుకను ఉంచితే చచ్చిపోతుంది. అందుకే 18వ శతాబ్దంలో లావోయిజే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దానికి "ప్రాణం లేనిది" అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు.

తమాషా ఏమిటంటే, ఆ "ప్రాణం లేనిది" లేకపోతే ప్రాణమున్నది ఏదీ లేదు! మీ కండలలో ఉన్నది మాంసకృత్తు. కోడిగుడ్డులోనూ, కందిపప్పులోనూ ఉన్నది అదే. మాంసకృత్తు తయారు కావాలంటే నత్రజని ఉండి తీరాలి. ఆకుకు పచ్చదనం ఇచ్చే పత్రహరితంలో కూడా నత్రజని ఉన్నది. పైరు నత్రజని చాలక పసుపుపచ్చగా పాలిపోతే రైతు వెళ్ళి యూరియా బస్తా తెచ్చి చల్లేది అందుకే.

చుట్టూ అంత నత్రజని పెట్టుకుని పైరు ఎందుకు పాలిపోవాలి? ఎందుకంటే గాలిలో నత్రజని పరమాణువులు విడివిడిగా ఉండవు. రెండేసి జట్టు కట్టి, మూడు పేటల తాడుతో బిగించినట్టుగా ఉంటాయి. ఆ ముడి విప్పటం మొక్కల తరం కాదు. మెరుపు విప్పగలదు. నేలలోనూ నీటిలోనూ ఉండే కొన్ని సూక్ష్మజీవులు విప్పగలవు. 1913లో జర్మనీలోని ఒపావ్ అనే చోట పెద్ద కర్మాగారం పెట్టి, విపరీతమైన వేడితోనూ ఒత్తిడితోనూ మనుషులు కూడా విప్పసాగారు. ఇలా ముడి విడిన నత్రజని అమ్మోనియాగానో, నైట్రేటుగానో మారి నీటిలో కరిగితే అప్పుడు మొక్క దాన్ని తీసుకుంటుంది.

ఇంతవరకూ మీ పాఠ్యపుస్తకంలో ఉన్నదే. కాని పొలంలోని పైరుకు వచ్చిన ఆకలి సముద్రంలోని నాచుకు కూడా వస్తుందంటే నమ్ముతారా?

విశాఖపట్నం సముద్రపు ఒడ్డుకు వెళ్ళినవాళ్ళు బండలకు అతుక్కుని ఉండే పచ్చని నాచు చూసే ఉంటారు. సముద్రపు నాచులలో ఇలా ఆకుపచ్చవే గాక గోధుమరంగువీ, ఎర్రవీ ఉన్నాయి. ఇంట్లో మీ అమ్మ పాలలో వేసి, గడ్డకట్టించి మిఠాయి చేసే చైనాగ్రాస్ ఎర్రనాచుల నుంచి తీసిందే. శాస్త్రజ్ఞులు గోధుమరంగు నాచులను మొక్కల జాతిలో కలపరు గాని, ఎండను పట్టి ఆహారం వండుకోవటంలో అవి మొక్కలలాంటివే. ఒక్క తేడా ఉన్నది. నాచుకు వేరు లేదు. బండను పట్టుకునేందుకు వేరులాంటి కాడ ఉంటుందే గాని, అది తాడులాంటిది, దానిలో నుంచి ఆహారం రాదు. నాచు తనకు కావలసినదంతా ఒళ్ళంతటితోనూ నీటి నుంచే పీల్చుకోవాలి. కనక నీటిలో ఏది లేకపోతే అది నాచుకు లేనట్టే.

సముద్రపు నీటిలో ఉప్పుకు కొదవ లేదు. బొగ్గుపులుసు వాయువు కావలసినంత ఉన్నది. గంధకం, సున్నం, పొటాసు ఉన్నాయి. తక్కువయ్యేది సాధారణంగా నత్రజని.

ఏదో ఒక్కటి తక్కువైతే ఏమవుతుందో బొబ్బట్లు చేసే రోజున వంటింట్లో చూడండి. పిండి వంద బొబ్బట్లకు సరిపడా ఉన్నది, శనగపప్పు ఎనభైకి ఉన్నది, బెల్లం మాత్రం ఇరవైకే వచ్చింది. ఎన్ని బొబ్బట్లవుతాయి? ఇరవయ్యే. ఇంకో మానెడు పిండి తెచ్చి పోసినా ఇరవై ఇరవైఒకటి కాదు. ఒక వీశెడు బెల్లం తెస్తే మాత్రం పెనం మళ్ళీ పొయ్యి ఎక్కుతుంది. సముద్రంలో చాలాచోట్ల ఆ బెల్లం నత్రజని అన్నమాట. ఆల్‌ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు సముద్రంలో తేలే సూక్ష్మమైన మొక్కలను పరీక్షించిన లెక్కలను 1934లో ప్రకటించాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న లెక్క ప్రకారం వాటిలో ఒక భాస్వరపు పరమాణువు ఉంటే నత్రజని పరమాణువులు 16 ఉంటాయి. బండలను పట్టుకుని పెరిగే పెద్ద నాచులలో భాస్వరంతో పోల్చి చూస్తే నత్రజని పాలు ఇంకా ఎక్కువ.

మరి సముద్రంలో నత్రజని ఎందుకు కరువవుతుంది? పై నీటిలో వెలుతురు ఉన్నది, అక్కడ పెరిగిన ప్రతిదీ నత్రజనిని తినేస్తుంది. తిన్నవి చచ్చి, కుళ్ళి అడుగుకు దిగుతాయి. అలా ఎరువంతా చీకటిలో, అడుగున చేరుతుంది. పైన వెలుతురుండి ఎరువు లేదు, కింద ఎరువుండి వెలుతురు లేదు! చలికాలపు తుపానులు సముద్రాన్ని కవ్వంతో చిలికినట్టు చిలికినప్పుడు గాని అడుగు ఎరువు పైకి రాదు. ఇది చాలనట్టు, అడుగు బురదలో ఉండే కొన్ని సూక్ష్మజీవులు నైట్రేటును విరిచి, నత్రజనిని మళ్ళీ గాలిలోకి వదిలేస్తాయి.

ఈ ఆకలిని కళ్ళారా చూసి, తీర్చటానికి పూనుకున్నవాళ్ళ కథ చైనాలో జరిగింది.

చైనావాళ్ళు "హైదై" అనే ఒక గోధుమరంగు నాచును ఇష్టంగా తింటారు. హైదై అంటే సముద్రపు నడికట్టు. పేరుకు తగ్గట్టే అది జానెడు వెడల్పున, నిలువెత్తుకు మించి పొడుగున, తోలుపట్టీలాగా ఉంటుంది. దీన్ని తినటం ఒట్టి రుచి కోసం కాదు. సముద్రానికి దూరంగా, కొండ ప్రాంతాలలో ఉండేవాళ్ళకు ఆహారంలో అయొడిను చాలక గొంతు కింద గళగండం వచ్చేది. హైదైలో అయొడిను పుష్కలంగా ఉన్నది. కాని ఇది చల్లని నీటిలో పెరిగే నాచు, చైనా తీరంలో సహజంగా లేనిది. 1927లో జపాను నుంచి అనుకోకుండా దలియన్ రేవుకు వచ్చి అక్కడ పట్టుకున్నది. అంతకు ముందు తరతరాలుగా చైనావాళ్ళు దాన్ని పైదేశాల నుంచి కొనుక్కుని తినవలసి వచ్చేది.

చెంగ్‌క్వే త్సెంగ్ అనే శాస్త్రజ్ఞుడు అమెరికాలో చదువుకుని 1946లో స్వదేశానికి తిరిగి వచ్చాడు. పచ్చ సముద్రపు ఒడ్డున చింగ్‌డావ్ అనే నగరం ఉన్నది. పచ్చ సముద్రమంటే చైనాకూ కొరియాకూ నడుమ ఉన్న సముద్రం. నదులు తెచ్చే పసుపుపచ్చని ఒండ్రువల్ల దానికి ఆ పేరు వచ్చింది. 1950లో చింగ్‌డావ్‌లో ఒక సముద్ర జీవశాస్త్ర పరిశోధనాలయం పెట్టారు. త్సెంగ్, ఆయనతోటివాళ్ళూ అక్కడ హైదైని పొలంలో వరిలాగా పండించాలనుకున్నారు. సముద్రం మీద తెప్పలు తేల్చి, వాటికి తాళ్ళు వేలాడదీసి, తాళ్ళ పేటల నడుమ నారు గుచ్చారు. శరత్కాలంలో నాటి, ఎండాకాలం మొదట్లో కోయటం.

తాళ్ళున్నాయి, నారున్నది, చల్లని నీరున్నది, వెలుతురున్నది. కాని ఆ రోజుల్లో చింగ్‌డావ్ దగ్గరి నీటిలో నత్రజని మరీ తక్కువ. నాటిన నాచు గిడసబారి, పాలిపోయి, అమ్మకానికి పనికిరాకుండా పోయేది.

ఎరువు వేయాలి. సరే, సముద్రంలో ఎరువు వేయటం ఎట్లా? పొలానికి గట్టు ఉంటుంది, సముద్రానికి గట్టెక్కడిది? గుప్పెడు ఎరువు చల్లితే నాచు నోటికి అందేలోపలే అల వచ్చి ఎత్తుకుపోతుంది. ఇంతకన్నా వృథా పని మరొకటి ఉండదని ఎవరికైనా అనిపిస్తుంది.

వాళ్ళు కుమ్మరి దగ్గరికి వెళ్ళారు!

ఎండాకాలంలో మీ ఇంట్లో మట్టికుండ చూడండి. బయటివైపు చెమర్చి, కింద ఇసుక తడిసి ఉంటుంది. కాల్చిన మట్టిలో కంటికి కనబడని సన్నని రంధ్రాలుంటాయి, వాటిగుండా నీరు మెల్లిగా ఊరుతూ వస్తుంది. చింగ్‌డావ్ శాస్త్రజ్ఞులు మెరుగు పూత పూయని మట్టిపాత్రలలో నత్రజని ఎరువు నింపి, మూతి కట్టి, నాచు తాళ్ళ నడుమ వేలాడగట్టారు. ఎరువు కరిగి, మట్టిగోడల గుండా చుక్కచుక్కగా నాచు పక్కనే ఊరింది. అల కొంత తీసుకుపోయినా, రేయింబవళ్ళు ఊరుతూనే ఉంటుంది గనక నాచుకు దక్కేది దక్కింది. పాలిపోయిన పట్టీలు ముదురు గోధుమరంగుకు తిరిగి, దళసరి అయి, నిడుపుగా సాగాయి. 1955లో ఈ ప్రయోగాల ఫలితాలను వాళ్ళు ప్రచురించారు. తరవాత తరవాత పడవల మీద నుంచి ఎరువునీళ్ళు చిమ్మే పద్ధతి కూడా వచ్చింది. ఎరువు సహజంగానే ఎక్కువ ఉన్న చోట్లు చూసుకుని సాగు దక్షిణాదికి కూడా పాకింది. ఒకప్పుడు కొనుక్కున్న దేశమే ఇప్పుడు ఎండబెట్టిన లెక్కన ఏటా 10 లక్షల టన్నులకు పైగా హైదై పండిస్తున్నది. త్సెంగ్ 1909లో పుట్టి 2005 దాకా జీవించాడు.

ఎరువు ఎవరూ వేయకపోతే సముద్రంలో నాచు ఏం చేస్తుంది? కొన్ని జాతులు గాదెలు కట్టుకుంటాయి! కెనడా తూర్పు తీరంలో నోవా స్కోషియా అనే ప్రాంతం ఉన్నది. హైదైకి జ్ఞాతి అయిన ఒక పెద్ద గోధుమరంగు నాచు అక్కడ పెరుగుతుంది. చాప్‌మన్, క్రేగీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దాన్ని ఏడాది పొడుగునా గమనించి, 1977లో ఈ సంగతి రాశారు. చలికాలంలో తుపానుల చిలుకుడుకు నైట్రేటు పైకి వస్తుంది గదా, అప్పుడు ఆ నాచు దాన్ని తాగి తాగి లోపల దాచుకుంటుంది. బయటి నీటిలో ఉన్నదానికన్నా దాని ఒంట్లో వేల రెట్లు చిక్కగా నైట్రేటు చేరుతుంది. వసంతంలో ఎండ రాగానే నీటిలో తేలే సూక్ష్మమైన మొక్కలు ఒక్కసారిగా పెరిగి, ఉన్న నైట్రేటునంతా ఊడ్చి తింటాయి. అందరికీ కరువు వచ్చిన ఆ సమయంలో ఈ నాచు మటుకు తన గాదె విప్పుకుని మరి రెండు నెలలపాటు నిక్షేపంగా పెరుగుతుంది. గాదె ఖాళీ అయ్యాక వేసవిలో పెరుగుదల మందగిస్తుంది. అప్పుడు శాస్త్రజ్ఞులు వేసవి మొదట్లో కొంత నాచుకు సోడియం నైట్రేటు ఎరువు పెట్టి చూశారు. అది మందగించక బాగా పెరిగింది! వేసవిలో పెరుగుదల ఆగటానికి కారణం ఎండ కాదు, వెచ్చదనమూ కాదు, ఆకలే అని తేలిపోయింది.

ఇదంతా చదివి "అయితే సముద్రంలో ఎంత ఎరువు పోస్తే అంత మంచిదన్నమాట" అనుకునేరు. అదే చింగ్‌డావ్ నగరానికి తిరిగి వెళదాం.

2008 ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్సు జరిగాయి. తెరచాప పడవల పందాలు పెట్టింది చింగ్‌డావ్‌లో. పందాలు ఇంకా నెలన్నర ఉన్నాయనగా, జూన్ నెలలో, సముద్రం మీద ఆకుపచ్చని తివాచీ పరిచినట్టు నాచు వచ్చి పడింది. ఇది హైదై కాదు. వెంట్రుకలలాగా సన్నగా, లోపల బోలుగా ఉండే ఒక ఆకుపచ్చ నాచు. బోలులో గాలి నిలుస్తుంది గనక నీటి మీద తేలుతుంది, తేలుతూనే పెరుగుతుంది. తిండి దొరికితే కొద్ది రోజుల్లోనే రెట్టింపవుతుంది. పడవల చుక్కానులకు చుట్టుకున్నది, ఒడ్డున మోకాలిలోతు పేరుకున్నది. సైనికులూ, ఊళ్ళోవాళ్ళూ, జాలరులూ కలిసి 10 వేల మందికి పైగా దిగి, చేతులతోనూ, పారలతోనూ, వలలతోనూ 10 లక్షల టన్నులకు పైగా ఎత్తి పోశారు. మళ్ళీ రాకుండా నీటిలో అడ్డుకట్టలు తేలగట్టారు. పందాలు అనుకున్న ప్రకారం ఆగస్టు 9న మొదలయ్యాయి, కాని ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టుకున్న మాట నిజం.

ఆ నాచు ఎక్కడి నుంచి వచ్చిందో శాస్త్రజ్ఞులు కృత్రిమ ఉపగ్రహాలు తీసిన చిత్రాల సాయంతో వెతికారు. దక్షిణాన జియాంగ్సు తీరంలో నోరి అనే మరో నాచును పండించే వెదురుగడలూ తాళ్ళూ వరసలు వరసలుగా ఉన్నాయి. వాటికి కలుపు మొక్కలాగా ఈ పచ్చనాచు పట్టుకుంటుంది. వసంతం చివర సాగుదారులు తాళ్ళను గీకి శుభ్రం చేసినప్పుడు అది నీటిలో పడి, గాలికీ ప్రవాహానికీ ఉత్తరానికి కొట్టుకుపోతుంది. అయితే గుప్పెడు కలుపు లక్షల టన్నులు కావాలంటే దారిలో మేత ఉండాలి గదా. ఆ మేత పొలాల్లో వేసిన ఎరువు వానకు కొట్టుకువచ్చిందీ, ఊళ్ళ మురుగూ, చేపల చెరువుల నుంచి వదిలిన నీరూనూ. మట్టికుండలతో చుక్కచుక్కగా పోసిన రోజులు పోయి, నదులే కుండలై కుమ్మరించే రోజులు వచ్చాయి. అప్పటి నుంచి ఇంచుమించు ప్రతి ఏటా ఎండాకాలంలో ఆ పచ్చ తివాచీ వస్తూనే ఉన్నది.

తివాచీ అందంగానే ఉంటుంది. అది కుళ్ళినప్పుడే అసలు ప్రమాదం. కుళ్ళించే సూక్ష్మజీవులు నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువునంతా వాడేస్తాయి, కింద చేపలకు ఊపిరాడదు. ఒడ్డున గుట్టలుగా పడి కుళ్ళిన నాచులో నుంచి మురిగిన గుడ్డు వాసన వేసే విషవాయువు పుడుతుంది. ఫ్రాన్సులో బ్రిటనీ తీరాన పందుల పెంపకం ఎక్కువ. ఆ పేడా, పొలాల ఎరువూ సముద్రంలో చేరి అక్కడా ఇలాగే నాచు పేరుకుంటుంది. 2009 జులైలో ఒక రౌతు అక్కడి ఒడ్డున వెళుతూ ఉంటే గుర్రం నాచుబురదలో కూరుకుపోయి, ఆ వాయువు పీల్చి చచ్చిపోయింది. రౌతు కూడా స్పృహ తప్పాడు, దగ్గరివాళ్ళు లాగి బతికించారు.

మరి నత్రజనిని సముద్రంలోకి రానివ్వకుండా చేస్తే సరిపోతుందిగా? జపాను అదే చేసింది. దాని ఫలితం నాకు అన్నిటికన్నా వింతగా తోస్తుంది.

జపాను దీవుల నడుమ సెతో అనే లోపలి సముద్రం ఉన్నది. చుట్టూ నేల, మధ్య వందలాది దీవులు. కర్మాగారాలూ పట్టణాలూ పెరిగి వాటి మురుగంతా అందులో చేరింది. నీటిలోని సూక్ష్మజీవులు విపరీతంగా పెరిగి నీరు ఎర్రబారేది. 1972 వేసవిలో అలా వచ్చిన ఎర్రనీటివల్ల పంజరాలలో పెంచుతున్న బురి అనే చేపలు 1 కోటి 40 లక్షలు చచ్చాయి. పెంచేవాళ్ళ గతి ఏమిటో ఊహించుకోండి. మరుసటి ఏడే ప్రభుత్వం ఆ సముద్రాన్ని కాపాడటానికి చట్టం చేసింది. మురుగును శుభ్రం చేసి గాని వదలరాదన్నారు. ముందు భాస్వరాన్ని, తరవాత నత్రజనినీ తగ్గించుకుంటూ వచ్చారు. 1976లో ఒక్క ఏడాదిలో 299 సార్లు ఎర్రనీరు వస్తే, ఆ సంఖ్య క్రమంగా నూరు దాపులకు దిగింది. నీరు తేటపడింది. అందరూ సంతోషించారు.

అందరూ కాదు. ఆ సముద్రంలోనే నోరి పండించేవాళ్ళున్నారు. నోరి ఎర్రనాచులలో చేరింది. చలికాలంలో వలల మీద పండించి, కోసి, అప్పడంలాగా పలుచగా ఎండబెడితే నల్లగా నిగనిగలాడుతుంది. జపానువాళ్ళు దానిలో అన్నం చుట్టుకుని తింటారు. నోరికి నలుపు ఇచ్చే రంగుపదార్థాలలో నత్రజని ఉన్నది. నీటిలో నత్రజని తగ్గినప్పుడు ఎర్రనాచు తన రంగునే కరిగించుకుని తింటుంది, మనం పస్తున్నప్పుడు ఒంట్లో కొవ్వు కరిగినట్టు. 1990ల చివరి నుంచి సెతో సముద్రపు నోరి పదేపదే పాలిపోయి, గడ్డిరంగుకు తిరగసాగింది. చలికాలంలో ఉన్న కాస్త నత్రజనికీ నీటిలో తేలే సూక్ష్మమైన మొక్కలు పోటీకి వచ్చేవి. నల్లని నోరి పలికే ధర పాలిపోయినదానికి పలకదు. ఏడాది కష్టం రంగుతోబాటే పోయింది.

అందుచేత సముద్రాన్ని శుభ్రం చేసిన చోటనే ఇప్పుడు కాస్త నత్రజని వదలమంటున్నారు! నోరి బాగా పండే హ్యోగో ప్రాంతపు ప్రభుత్వం 2019లో ఒక వింత నియమం పెట్టింది. మామూలుగా మురికి ఇంతకు మించరాదంటారు గదా, వాళ్ళు లీటరు సముద్రపు నీటిలో నత్రజని 0.2 మిల్లీగ్రాముకు తగ్గరాదని కూడా అన్నారు. చలికాలంలో కొన్ని మురుగుశుద్ధి కేంద్రాలు నత్రజనిని కాస్త ఎక్కువగా వదులుతున్నాయి. 2021లో దేశపు చట్టాన్నే ఇందుకు వీలుగా సవరించారు. ఆ పక్కనే ఉన్న అవాజి దీవిలో మరో ఏర్పాటు చూడముచ్చటగా ఉంటుంది. ఆ దీవి నిండా పంట చెరువులు. రైతులు ముసలివాళ్ళై చెరువుల పూడిక తీయటం మానుకున్నారు. ఇప్పుడు నోరి పండించే జాలరులు వచ్చి, రైతులతో కలిసి చెరువు వట్టిచేసి, అడుగు బురద కలబెట్టి కాలవలోకి వదులుతారు. రైతుకు చెరువు బాగవుతుంది, ఆ బురదనీటి నత్రజని సముద్రంలోని నోరికి చేరుతుంది.

ఇదంతా ఉప్పునీటి సంగతి. మంచినీటి చెరువులలో లెక్క వేరుగా ఉండవచ్చు. 1973లో కెనడాలో ఒక సరస్సును నడుమ తెర కట్టి రెండు చేశారు. ఒక సగంలో కర్బనమూ నత్రజనీ వేశారు, రెండో సగంలో ఆ రెండింటితోబాటు భాస్వరం కూడా వేశారు. రెండో సగం మాత్రమే పాచిపట్టి పచ్చనైంది! అక్కడ కొరతగా ఉన్న బెల్లం భాస్వరం అన్నమాట. మంచినీటిలో నత్రజని ముడి విప్పగల నీలి ఆకుపచ్చ నాచులుంటాయి, అవి గాలి నుంచే తెచ్చుకోగలవు. మన వరిపొలాలలో పెంచే అజొల్లా ఆకులలో కాపురముండేది అటువంటి జీవే. అందుకే అజొల్లా పొలానికి ఎరువవుతుంది. అయితే కొన్ని చెరువులలో రెండూ తక్కువే కావచ్చు, దీన్ని గురించి శాస్త్రజ్ఞుల మధ్య వాదాలు ఇంకా తెగలేదు.

మీ ఊరి చెరువు నీటిలో ఏది తక్కువో కొంతవరకు మీరే పరీక్షించవచ్చు. నిలవనీటి మీద పెసరగింజంత ఆకులతో, వెంట్రుకంత వేరుతో గుంపులుగా తేలే చిన్న మొక్క ఉంటుంది. పెద్దవాళ్ళను తోడు తీసుకువెళ్ళి దాన్ని గుప్పెడు తీసుకురండి. లీటరు పట్టే గాజుసీసాలు మూడు తీసుకుని, మూడింటిలోనూ అదే చెరువు నీరు వడగట్టి పోయండి. ఒక్కొక్క దానిలో సరిగ్గా పది ఆకులు వేయండి. మొదటి సీసాలో ఇంకేమీ వేయకండి. రెండోదానిలో నాలుగైదు యూరియా పలుకులు, లెక్కపెట్టి వేయండి. మూడోదానిలో ఒక చెంచాడు వేయండి. మూడింటినీ వెలుతురు తగిలే కిటికీలో పెట్టి, రెండు రోజులకోసారి ఆకులు లెక్కించి, రంగుతో సహా రాసుకోండి. రెండు వారాలకు రెండోది మొదటిదాన్ని మించిపోతే మీ చెరువులో నత్రజని కొరత ఉన్నట్టు. రెండూ సమానంగా పెరిగితే చెరువులో నత్రజని ముందే కావలసినంత ఉన్నదేమో, పొలాల నుంచి వస్తున్నదేమో, లేక కొరత మరొకదానిదేమో ఆలోచించండి. మూడో సీసాలో ఏం జరుగుతుందో నేను చెప్పను, మీరే చూడండి. యూరియా ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి. చివర ఆ నీళ్ళను కాలవలోనూ చెరువులోనూ పారబోయకండి. మొదటి రెండూ పూలపాదుకు పోయవచ్చు. మూడోదానిలో మరో రెండు బిందెల నీళ్ళు కలిపి కొబ్బరిచెట్టు మొదట్లో పోసేయండి.